లవంగము – గృహవైద్యమున దాని స్థానము

లవంగము నెరుగని ఇల్లు మన ప్రాంతమున లేదు. అబ్దుల్లాపూర్‌మెట్టు మొదలుకొని హయత్‌నగరు, ఎల్.బి.నగరు, దిల్‌సుఖ్‌నగరు వరకు బాట పొడవున గల కిరాణా దుకాణములలో ఏ దుకాణమునకు పోయినను ఇది దొరకును. పులావులో పడును, తాంబూలపు చిలుకకు గుచ్చుటకు పనికివచ్చును, పంటిపోటు వచ్చినప్పుడు దౌడక్రింద నుంచుకొందుము. ఇంతవరకు వివాదము లేదు. కాని కొంతకాలముగా మరియొక మాట ఊరూర ప్రాకినది. పరగడుపున లవంగపు నీరు త్రాగినచో అజీర్ణము పోవుటయేగాక చక్కెర వ్యాధియు కుదురుననియు, ఇక మాత్రలతో పనిలేదనియు చెప్పుకొనుచున్నారు. ఈ మాటలో నిజ మెంత, పొల్లు ఎంత యను విషయమును సభ్యులకు విడమరచి చెప్పుట మా కర్తవ్యమని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము. పొల్లు కలిసిన విత్తనమును తూర్పారబట్టక చల్లు రైతు లేడుగదా. ఆరోగ్య విషయమునను అట్లే చేయవలెను.

లవంగ మన నేమి?

లవంగము కాయ కాదు, గింజ కాదు, విచ్చుకొనని పూమొగ్గ. ఈ చెట్టు మన నేరేడు, జామ, నీలగిరి చెట్ల కుటుంబమునకు చెందినది. ఇండొనీషియా దేశమందలి మొలక్కా దీవులు దీనికి పుట్టినిల్లు. పదునేడవ శతాబ్దమున డచ్చివారు ఈ వర్తకమును తమ గుప్పిట నుంచుకొనగా, 1770లో ఫ్రెంచివారు మొక్కలను రహస్యముగా మారిషసు దీవికి చేర్చిరి. ఆ పిమ్మట అది ఆఫ్రికా తీరమందలి జాంజిబారునకు వ్యాపించెను. మన దేశమున 1800 ప్రాంతమున ఈస్టిండియా కంపెనీవారు కుర్తాళమున దీనిని నాటించిరి. నేడు తమిళనాడు, కేరళ, కర్ణాటక రాష్ట్రములలోని కొండతట్టులందు పండుచున్నది. కన్యాకుమారి లవంగమునకు 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను దేశమునకు కావలసిన సరకులో అధికభాగము ఇతర దేశములనుండియే దిగుమతి యగుచున్నది.

మన పొలములలో దీనిని వేయవచ్చునా యని అడుగువారు కలరు. వేయరాదనియే మా సమాధానము. ఈ చెట్టునకు ఏటేట 150 మొదలు 250 సెంటీమీటర్ల వర్షమును, ఎడతెగని గాలితేమయు, నీడయు కావలెను. మన హైదరాబాదు ప్రాంతమున పడు వాన అందులో సగమునకు సరిగా చాలదు. వేసవి యెండ చెట్టును మాడ్చివేయును. నాటిన ఏడెనిమిదేండ్లకుగాని పూత రాదు. కావున లవంగపు మొక్కలు అమ్మజూపి లాభముల నాశపెట్టువారి మాటలు విని, సొమ్ము పోగొట్టుకొనరాదు.

మొగ్గలు ఎరుపురంగు తిరిగి, ఇంకను విచ్చకముందే చేతితో కోసి, నాలుగైదు దినము లెండబెట్టుదురు. ఎండిన సరకు పచ్చిమొగ్గల బరువులో మూడవ వంతు మాత్రమే మిగులును. అందువలననే దీని ధర అధికము. ధర అధికమగుటచే మోసమునకును తావు కలుగుచున్నది.

మంచి లవంగమును గుర్తించుట

లవంగములోని శక్తి అంతయు దాని తైలమున నున్నది. ఎండిన లవంగమున నూటికి 15 మొదలు 20 పాళ్లు తైలముండును. ఆ తైలములో అధికభాగము యూజినాలు అను పదార్థము. నాలుకపై ఘాటును, దౌడకు తిమ్మిరిని కలిగించున దిదియే. దంతవైద్యులు దీనిని నేటికిని వాడుచున్నారు. కొందరు వర్తకులు తైలమును ముందే పిండుకొని, పిప్పియైన లవంగములను మంచివానితో కలిపి విక్రయింతురు. చూపునకు రెండును ఒక్కటియే.

పరీక్ష సులభము. ఒక గాజు గ్లాసెడు నీటిలో పది లవంగములను వేయుడు. తైలము గలవి అడుగునకు దిగును. తైలము పోయినవి పైన తేలును. దేశమందలి ఆహార భద్రతా సంస్థవారు ప్రజలకు తెలిపిన పరీక్షయు నిదియే. గోటితో నొక్కిచూచినప్పుడు మంచి లవంగము చమురు చెమ్మను చూపును. పొడిగా కొనుటకంటె మొగ్గలుగా కొని, మూత బిగువైన గాజుసీసాలో వెలుతురు తగులకుండ నుంచుకొనుట మేలు. పొడిలో ఏమి కలిసినదో కనుగొనుట ఇంటివారికి సాధ్యము కాదు.

అజీర్ణమునకు లవంగము

ఈ విషయమున మన పెద్దల వాడుక చాల ప్రాచీనము. నోటికి రుచియు శుద్ధియు సువాసనయు కోరువారు నోట నుంచుకొనదగిన వస్తువులలో లవంగమును చరకసంహిత పేర్కొన్నది. ఆయుర్వేదమున దీనిని దీపనము, పాచనము అని, అనగా ఆకలిని పుట్టించునది, అరుగుదల కలిగించునది యని వర్ణించిరి. యునానీ హకీములును దీనిని కరన్‌ఫుల్ అను పేర వాడుదురు.

నేటి శాస్త్రము దీనిని పూర్తిగా కాదనుట లేదు. లవంగపు ఘాటు నోట లాలాజలమును ఊరించును. ప్రేగుల కండరముల పట్టును కొంత సడలించుటచే లోపల చిక్కిన వాయువు వెడలిపోవును. అయితే మనుష్యులపై జరిగిన పెద్ద పరీక్షలు ఈ విషయమున తక్కువ. కావున దీనిని చిన్న బాధకు చిన్న ఉపాయముగా నెంచవలెనుగాని, జీర్ణకోశ వ్యాధుల కన్నిటికి ఔషధమని తలపరాదు.

వాడువిధము: భోజనానంతరము ఒక లవంగమును బుగ్గన నుంచుకొని మెల్లగా నమలవచ్చును. లేక రెండు లవంగములను నలుగగొట్టి, గ్లాసెడు నీటిలో అయిదారు నిమిషములు మరుగనిచ్చి, వడగట్టి, గోరువెచ్చగా దినమున కొకసారి త్రాగవచ్చును. పలుచని మజ్జిగలో చిటికెడు వాము, కొంచెము శొంఠి, ఒక లవంగపు పొడి కలిపి త్రాగుటయు మన ఇండ్లలో నున్నదే. రొమ్ములో మంటయు, పుల్లని త్రేన్పులును గలవారికి మాత్రము ఘాటైన వస్తువు మంటను పెంచవచ్చును. అట్టివారు మానుట మంచిది.

ఈ లక్షణములు కనబడినచో గృహవైద్యము నాపి వైద్యుని చూడవలెను: మలము నల్లగా తారువలె నగుట, వాంతిలో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, ముద్ద మ్రింగుటకు కష్టము, రెండు వారములు దాటియు తగ్గని నొప్పి.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. రొమ్ము బరువెక్కి, చెమటలు పోసి, ఎడమ చేతికిగాని దౌడకుగాని నొప్పి ప్రాకినప్పుడు దానిని "గ్యాసు" అని తలచి లవంగము నమలుచు కూర్చుండుట ప్రాణములకు ముప్పు. అది గుండెపోటు కావచ్చును. చక్కెర వ్యాధి గలవారికి గుండెపోటు కొన్ని సమయములలో తీవ్రమైన నొప్పి లేకయే, ఆయాసము, వికారము మాత్రముగా వచ్చును. అట్టి సమయమున తెల్లవారనిమ్మని వేచియుండక 108కి ఫోను చేయవలెను. గుండెకు రక్తము చేరక గడచిన ప్రతి నిమిషమునను కొంత కండరము చచ్చిపోవుచుండును.

చక్కెర వ్యాధి యనగా నేమి?

మనము తిన్న అన్నము, రొట్టె, పండు కడపట చక్కెరగా మారి రక్తమున చేరును. దానిని దేహకణములలోనికి చేర్చు తాళపుచెవి వంటిది ఇన్సులిను. ఇది క్లోమగ్రంథియందు పుట్టును. అది చాలకున్నను, కణములు దానికి లోబడకున్నను చక్కెర రక్తమున నిలిచిపోవును. పరగడుపున రక్తమును పరీక్షించినప్పుడు డెసీలీటరునకు 126 మిల్లీగ్రాములుగాని అంతకు మించిగాని యుండుట వ్యాధికి గుర్తు; 100 మొదలు 125 వరకు నుండుట వ్యాధి గడపయొద్ద నిలిచిన స్థితి. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలనను బట్టి, దేశమున ఈ వ్యాధి గలవారు 10 కోట్లకు పైగా నున్నారు. గడపయొద్ద నున్నవారు 13 కోట్లకు మించినారు. ఇది పట్నవాసుల జబ్బు, కష్టజీవులకు రాదు అను మాటకు కాలము చెల్లినది.

లవంగము చక్కెరను తగ్గించునా?

ఈ మాట కేవలము గాలిమాట కాదు. ప్రయోగశాలలలో కాలేయకణములపైనను, ఎలుకలపైనను లవంగసారమును పరీక్షింపగా, అది ఇన్సులిను పనికి కొంత తోడ్పడునట్లు కనబడినది. మనుష్యులపైనను కొన్ని చిన్న పరీక్షలు జరిగినవి. 2006లో పాకిస్తానుదేశపు పరిశోధకులు 36 మంది రోగులపై 30 దినములు చేసిన పరీక్ష ఫలితములను ప్రకటించిరి. కొందరికి దినమునకు 1, 2, 3 గ్రాముల లవంగపు పొడి గొట్టములలో నిచ్చిరి. కొందరి కేమియు లేని గొట్టముల నిచ్చిరి. పొడి తిన్నవారికి చక్కెర తగ్గినదని వారు వ్రాసిరి. 2019లో మన దేశపు పరిశోధకులు 13 మందికి 250 మిల్లీగ్రాముల లవంగసారమును 30 దినము లిచ్చి, భోజనమునకు ముందును వెనుకను చక్కెర తగ్గినట్లు తెలిపిరి.

అయినచో మాత్రలు మానవచ్చునా? మానరాదు. కారణములు మూడు.

మొదటిది: ఈ పరీక్షలు మిక్కిలి చిన్నవి, నెలదినములవి. రైతు క్రొత్త వంగడము నెట్లు నమ్మును? పది గుంటలలో క్రొత్తది వేసి, ప్రక్కనే పాతదానిని వేసి, ఒకే నీరు, ఒకే యెరువు పెట్టి, రెండు మూడు పంటలు చూచి గదా నమ్మును. 2019 నాటి పరీక్షలో ప్రక్కమడియే లేదు. వ్యాధి కండ్లను, మూత్రపిండములను, నరములను తినుట ఏండ్లతరబడి జరుగు పని. నెల దినముల పరీక్ష దానిని ఆపునో లేదో చెప్పజాలదు.

రెండవది: పరీక్షలో వాడినది మనము త్రాగు లవంగపు నీరు కాదు. గ్రామునకు పది మొదలు పదిహేను లవంగములు తూగును. మూడు గ్రాములనగా ముప్పది నలుబది లవంగములు. రెండు లవంగములు మరిగించిన నీటిలో దిగు సారము దానిలో ఎన్నవ వంతో సభ్యులే లెక్కింపవచ్చును.

మూడవది: అంత మోతాదు క్షేమకరమని స్థిరపడలేదు. యూజినాలు దినమునకు దేహపు బరువులో కిలో ఒక్కంటికి 2.5 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘము నిర్ణయించినది. 60 కిలోల మనిషికి ఇది 150 మిల్లీగ్రాములు. ఒక్క గ్రాము లవంగములో ఇంచుమించు అంత యూజినాలు ఉండును. అనగా పరీక్షలోని అల్పమోతాదే హద్దును తాకుచున్నది. దినమునకు రెండు మూడు లవంగములకు మించవలదని మేము చెప్పుట ఈ లెక్కను బట్టియే.

మూలిక పనికిమాలినదని మా యభిప్రాయము కాదు. నేడు ఎల్ల ఆసుపత్రులలో నిచ్చు మెట్ఫార్మిను మాత్రకు మూలము యూరపుఖండమందలి ఒక చిక్కుడుజాతి మొక్క. కాని ఆ మొక్కలోని పదార్థమును పోలి విషగుణము తక్కువగా గల మందును తయారుచేసి, మోతాదు నిర్ణయించి, 1957లో ఫ్రాన్సునందు రోగులకు వాడి చూచిరి. పిమ్మట వేలమందిపై ఏండ్లతరబడి పరీక్షించిరి. లవంగము ఇంకను ఆ దారిలో మొదటి మజిలీయందే యున్నది.

ఒక చిక్కు

అజీర్ణమునకును చక్కెర వ్యాధికిని గల సంబంధమును సభ్యులు గ్రహింపవలెను. మెట్ఫార్మిను మాత్ర మొదటి దినములలో కొందరికి కడుపుబ్బరము, విరేచనములు కలిగించును. ఒక రైతు ఇట్టి బాధతో మాత్ర మాని, ఉబ్బరమునకు లవంగపు నీరు త్రాగె ననుకొందము. మాత్ర మానుటచే ఉబ్బరము తగ్గును. గౌరవము లవంగమునకు దక్కును! చక్కెర మాత్రము లోలోపల పెరుగును. నొప్పి తెలియదు గావున బాగున్నదనియే తలచును. కొన్నాళ్లకు పాదముల స్పర్శజ్ఞానము తగ్గును, దుక్కిలో ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, పుండు మానదు, కడకు వ్రేలో పాదమో తీయవలసి వచ్చును. ఆ యేటి పంటయు, సంఘమునకు కట్టవలసిన వాయిదాయు, పిల్లల చదువును ఆ పుండులోనే పోవును. దీనికి మార్గము మాత్ర మానుట కాదు. అన్నముతో కలిపి వేసికొనుట, బాధ తగ్గనిచో వైద్యునితో చెప్పి మోతాదునుగాని రకమునుగాని మార్పించుకొనుట.

మరియొకటి: చాలకాలము చక్కెర హెచ్చుగా నుండుటచే కడుపును నడుపు నరములు చెడి, అన్నము కదలక ఉబ్బరము కలుగవచ్చును. అప్పుడు అజీర్ణమే చక్కెర వ్యాధికి చిహ్నము. నలుబదేండ్లు దాటి, తరచుగా ఉబ్బరమును, అతిదాహమును, రాత్రి పలుమార్లు మూత్రమును గలవారు లవంగము వెదకుటకు ముందు రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఎవరు జాగ్రత్త వహింపవలెను?

1. ఇన్సులినుగాని, గ్లిమెపిరైడు వంటి మాత్రలుగాని వాడువారు. వీరు లవంగమును ఔషధముగా హెచ్చు మోతాదున తినినచో చక్కెర మరీ పడిపోవచ్చును. చేతులు వణకుట, చెమట, కండ్లు తిరుగుట కలిగినచో పరీక్షింపవలెను. 70కి తక్కువగా నున్నచో మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగి, పావుగంటకు మరల పరీక్షింపవలెను. ఒంటరిగా పొలమునకు పోవునప్పుడు జేబులో చక్కెరపొట్ల ముంచుకొనుట అవసరము.

2. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు, శస్త్రచికిత్స చేయించుకొనబోవువారు. యూజినాలు రక్తము గడ్డకట్టుటను మందగింపజేయును.

3. గర్భిణులు, చిన్నపిల్లలు. కూరలో పడునంత దోషము కాదు, అంతకు మించరాదు.

4. లవంగతైలమును ఎవరును త్రాగరాదు. రెండు చెంచాల తైలము పసిపిల్లలకు స్పృహ తప్పించి, కాలేయమును చెరచిన సందర్భములు వైద్యగ్రంథములలో నున్నవి. సీసాను పిల్లల చేతి కందనిచోట నుంచవలెను.

5. బాల్యమునుండియే ఇన్సులినుపై ఆధారపడినవారు దానిని ఒక్క దినమైనను మానరాదు.

వంటింటి అసలు ఔషధము

చక్కెర వ్యాధిలో లవంగముకంటె కంచములోని అన్నపు రాశి ముఖ్యము. కంచమున సగము కూరగాయలు, ఆకుకూరలు, పావు పప్పులు, పావు మాత్రము అన్నముగాని జొన్నరొట్టెగాని యుండవలెను. మన జిల్లాయందే, రాజేంద్రనగరమందలి వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048 అను వంగడము, తిన్న పిమ్మట రక్తమున చక్కెరను ఇతర సన్నబియ్యముకంటె మెల్లగా పెంచునని పరీక్షలలో తేలినది. అమ్ముటకేగాక ఇంటికిని దానిని పండించుకొనుట ఉచితము. అయితే మెల్లగా పెంచునుగదా యని రెట్టింపు తినినచో ఫలము శూన్యము. గడ్డిఅన్నారపు పండ్ల బజారు మన మండలమందలి బాటసింగారమునకు తరలివచ్చినది మొదలు మామిడి చౌకగా చేతికందుచున్నది. వ్యాధి గలవారు అన్నముపై మామిడిరసము పోసికొనుట మాని, అన్నమును తగ్గించి ఒకటి రెండు ముక్కలతో తృప్తి పొందవలెను.

ట్రాక్టరులు వచ్చి దుక్కి తేలికయైనది. ద్విచక్రవాహనముపై పొలమునకు పోవుచున్నాము. దేహశ్రమ తగ్గినది, అన్నము తగ్గలేదు. దినమునకు అరగంటయైన వేగముగా నడచుట లవంగముకంటె నిశ్చయముగా చక్కెరను తగ్గించును. దానికి ధరయు లేదు.

సభ్యులు చేయదగిన పని

ముప్పదియేండ్లు దాటిన ప్రతివారును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఏటికొకసారి చక్కెర, రక్తపోటు పరీక్షలు చేయించుకొనుడు. ఇవి అచ్చట ఉచితము. ఎప్పుడు పోవలెనో గ్రామపు ఆశా కార్యకర్త తెలుపగలదు. లవంగపు నీరు త్రాగ గోరువారు త్రాగుడు. కాని మాత్రలతో పాటుగా త్రాగుడు, మాత్రలకు మారుగా కాదు. వారమున కొకసారి పరగడుపు చక్కెరను ఒక పుస్తకమున తేదీతో వ్రాసికొనుడు. మూడు నెలల సగటును తెలుపు రక్తపరీక్ష చేయించి, ఆ పుస్తకమును వైద్యునికి చూపుడు. సంఘమునకు అప్పు లెక్క వ్రాసినట్లే దేహమునకును లెక్క వ్రాయవలెను. లెక్కలో తగ్గినట్లు కనబడినచో మాత్ర తగ్గించువాడు వైద్యుడు, మనము కాదు.

పది కుటుంబములు కలిసి చక్కెర కొలుచు యంత్రము నొకదానిని కొనుట ఒంటరిగా కొనుటకంటె చౌక. సూది మాత్రము ఎవరిది వారికే వేరుగా నుండవలెను. ఒకరిది మరియొకరు వాడిన రక్తజాడ్యములు సోకును. అట్లే మసాలా దినుసులను చిన్న పొట్లములుగా కాక, పట్టణపు టోకు దుకాణమున కలిసి కొని, నీటిలో వేసి పరీక్షించి పంచుకొన్నచో ధరయు కలిసివచ్చును, మోసమును తప్పును. పరస్పర సహాయమను సంఘసూత్రము ఎరువులకును అప్పులకును మాత్రమే కాదు, ఆరోగ్యమునకును చెల్లును.

లవంగమును వంటింట నుంచుడు, కడుపుబ్బరమునకు వాడుడు. మాత్రల డబ్బాను దాని ప్రక్కనే యుంచుడు.